పక్క తడవని రాత్రి ఎప్పుడొస్తుంది?

శ్రోతలకు నమస్కారం.

పగలంతా అడిగి మరీ పాటీ మీద కూర్చుని ఒంటికి వెళ్ళే పిల్లలు, రాత్రయ్యేసరికి పక్కంతా తడిపేస్తారు. మూడేళ్ళ లోపు పిల్లలున్న ఇళ్ళలో ఇది మామూలే. "పగలు ఆపుకునేవాడు రాత్రెందుకు ఆపుకోడు? బద్ధకమా, మొండితనమా?" అని పెద్దవాళ్ళకు అనుమానం వస్తుంది. రెండూ కాదు. పగలు ఆపుకోవడం నేర్పితే వచ్చే విద్య. రాత్రి పొడిగా ఉండటం మాత్రం పళ్ళు రావడం లాంటిది, ఒళ్ళు ఎదిగినప్పుడు వస్తుంది. మనం చేయగలిగిందల్లా దానికి అడ్డం పడేవాటిని తొలగించడం, వచ్చేదాకా ఇంటిల్లిపాదికీ నిద్ర చెడకుండా చూసుకోవడం.

లోపల ఏం జరుగుతుందో చూద్దాం. మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి నుంచి వాసోప్రెసిన్ అనే హార్మోను విడుదలవుతుంది. రాత్రిపూట అది ఎక్కువగా ఊరితే మూత్రపిండాలు తక్కువ మూత్రం తయారుచేస్తాయి. చాలామంది చిన్నపిల్లల్లో ఈ రాత్రి, పగలు తేడా ఇంకా కుదురుకుని ఉండదు. ఇక మూత్రాశయం సంగతి. అందులో ఎంత పడుతుందో అంచనా వేయడానికి డాక్టర్లు వాడే లెక్క ఒకటుంది. వయసుకు ఒకటి కలిపి 30తో హెచ్చవేస్తే, అన్ని మిల్లీలీటర్లు. రెండేళ్ళకు 90, మూడేళ్ళకు 120. ఇవి చాలవన్నట్టు, నిండిన మూత్రాశయం పంపే కబురు అందుకుని మెదడు నిద్ర లేవాలి. పసిపిల్లల నిద్ర ఎంత గాఢమో చెప్పక్కర్లేదు, మంచం మీంచి తీసి భుజాన వేసుకున్నా వాళ్ళకు తెలియదు.

వంటింట్లో చిన్న తూకం ఉంటే మీ బిడ్డ సంగతి మీరే తేల్చుకోవచ్చు. పడుకునే ముందు కొత్త డైపర్‌ని తూచండి, పొద్దున తీశాక మళ్ళీ తూచండి. తేడా ఎన్ని గ్రాములో దాదాపు అన్ని మిల్లీలీటర్ల మూత్రం అన్నమాట. ఉదాహరణకు మూడేళ్ళ పిల్లవాడి డైపర్ 200 గ్రాములు బరువెక్కిందనుకోండి. 120 పట్టే చోట 200 ఎలా ఆగుతుంది? ఆ బిడ్డను లాలించినా, కసిరినా ఆ రాత్రి పక్క తడవక మానదు.

అందుకే ఐదేళ్ళు నిండేదాకా పక్క తడపడాన్ని వైద్యులు జబ్బుగా లెక్కించరు. ఐదేళ్ళ వయసులో కూడా నూటికి సుమారు 15 మంది తడుపుతూనే ఉంటారు. ఆ తర్వాత తడిపేవాళ్ళలో ఏటా నూటికి 15 మంది దాకా ఏ మందూ లేకుండా మానేస్తారు. ఇందులో వంశం పాత్ర కూడా పెద్దదే. తల్లీ తండ్రీ ఇద్దరూ చిన్నప్పుడు ఆలస్యంగా మానినవాళ్ళైతే పిల్లల్లో పదికి ఏడెనిమిది మంది అదే దారి పడతారు, ఒక్కరే అయితే పదికి నలుగురు. కసురుకునే ముందు నాయనమ్మనో అమ్మమ్మనో ఓ మాట అడిగి చూడండి, నోరు మూతపడినా పడవచ్చు.

మరి రాత్రి డైపర్ ఎప్పుడు తీసేయాలి? పగలు బట్టల్లో పోసుకోవడం దాదాపుగా ఆగి కొన్ని నెలలు గడవాలి. వరుసగా వారం, పది రోజులు పొద్దున డైపర్ పొడిగా గానీ, కాస్త చెమ్మగా మాత్రమే గానీ ఉండాలి. ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. బిడ్డ లేవగానే డైపర్ మీద చేయి పెట్టి చూడండి. తడి వెచ్చగా ఉంటే అది ఇప్పుడే పోసింది, అంటే రాత్రంతా ఆపుకున్నట్టే. అలాంటి పిల్లలకు కావలసింది ఒక్కటే: కళ్ళు తెరిచిన మరుక్షణం, పాలూ ఆటలూ ముట్టకముందే, పాటీ మీద కూర్చోబెట్టడం. తడి చల్లగా ఉంటే అర్ధరాత్రే పోసింది. దానికి ఇంకా టైముంది.

తీసేద్దామని నిర్ణయించుకుంటే ముందు పక్క సిద్ధం చేయండి. పరుపు మీద నీరు దిగని షీటు వేసి, దానిమీద నూలు దుప్పటి పరవండి. దానిపైన మళ్ళీ నీరు దిగని షీటు, మళ్ళీ నూలు దుప్పటి. రాత్రి రెండింటికి తడిస్తే పై జత లాగేస్తే చాలు, అడుగున పొడి పక్క తయారుగా ఉంటుంది. షీటు పరుపు అంచుల కిందకు బిగించి దోపేలా ఉండాలి. పల్చటి ప్లాస్టిక్ సంచులు మాత్రం వద్దు, ముఖానికి చుట్టుకుంటే ఊపిరాడదు. బట్టలు ఎలాస్టిక్ నడుమువి వేయండి. నాడాలు, బొత్తాలు విప్పేలోపే సగం పని అయిపోతుంది. పాటీ మంచానికి రెండడుగుల దూరంలో ఉంచి, మసక దీపం ఒకటి వెలగనివ్వండి. చీకట్లో ఒంటరిగా బాత్రూం దాకా నడవడం కంటే పక్క తడపడమే నయమనుకునే పిల్లలు చాలామంది ఉన్నారు.

ఇక నీళ్ళు. సాయంత్రం నుంచీ నీళ్ళు మానిపిస్తే పక్క తడవదని చాలా ఇళ్ళలో నమ్మకం. అది సగమే నిజం. రోజు మొత్తం మీద తగ్గించకూడదు, సర్దాలి. రెండు, మూడేళ్ళ పిల్లలు పాలూ నీళ్ళూ కలిపి రోజుకు సుమారు లీటరు తాగుతారు. అందులో ఐదింట నాలుగు వంతులు సాయంత్రం ఐదు లోపలే అయిపోయేలా చూడండి. పగలు ఆటలో పడి తాగనివాళ్ళే రాత్రి ఎనిమిదింటికి గ్లాసు మీద గ్లాసు అడుగుతారు. ఎనిమిదింటికి పడుకునేవాళ్ళకు ఏడింటితో తాగడం ముగించండి. ఆ తర్వాత దాహమంటే రెండు గుక్కలు ఇవ్వండి, ఉక్కపోత రోజుల్లో అసలు కాదనకండి. రాత్రి లేచి పాలసీసా తాగే అలవాటుంటే డైపర్ తీసే మాట అప్పుడే ఎత్తకండి. ముందు ఆ సీసా మాన్పించాలి. ఒక్కసారిగా కాదు, రెండు రాత్రులకొకసారి 20, 30 మిల్లీలీటర్లు తగ్గిస్తూ పోండి.

పడుకోబోయే ముందు రెండుసార్లు ఒంటికి పంపండి. పళ్ళు తోమేటప్పుడు ఒకసారి, కథ అయ్యాక దీపం ఆర్పబోయే ముందు మరోసారి. కాళ్ళు గాలిలో వేలాడుతుంటే నడుము కింది కండరాలు వదులు కావు, మూత్రం పూర్తిగా రాదు. కాళ్ళ కింద పీట వేసి, మోకాళ్ళు ఎడంగా ఉంచి, కాస్త ముందుకు వంగి కూర్చోమనండి. పగలు కూడా రెండు, రెండున్నర గంటలకొకసారి వెళ్ళే అలవాటు ఉండాలి. "ఒంటికి వస్తోందా?" అని అడిగితే జవాబు ఎప్పుడూ "లేదు" అనే. అడగకండి, "అన్నం తినే ముందు ఒకసారి వెళ్ళొద్దాం" అనండి.

ఇప్పుడు ఎక్కువమంది పట్టించుకోని అసలు దొంగ గురించి. మలబద్ధకం. మలం నిలవుండే పురీషనాళం మూత్రాశయానికి సరిగ్గా వెనకే ఉంటుంది. అక్కడ గట్టి మలం పేరుకుంటే మూత్రాశయం మీద ఒత్తిడి పడుతుంది. నిండడానికి చోటు తగ్గుతుంది, నిండకముందే బిగుసుకుని బయటకు తోస్తుంది. పగలు బట్టల్లో పోసుకోవడం ఆగి కొన్నాళ్ళయ్యాక మళ్ళీ మొదలైతే ముందు చూడాల్సింది దీన్నే. వారానికి మూడుసార్ల కన్నా తక్కువ రెంటికి వెళ్ళడం, మేక పెంటికల్లా గట్టిగా రావడం, బిడ్డ వయసుకు మించిన లావుతో రావడం, వెళ్ళేటప్పుడు ఏడవడం దీని గుర్తులు. ఇంకొకటి మోసం చేస్తుంది. గట్టిగా ఇరుక్కున్న మలం పక్క నుంచి పల్చటిది జారి చెడ్డీకి అంటుకుంటే, విరేచనాలనుకుని పొరబడతారు. తిన్న ఇరవై నిమిషాలకు పేగు తనంతట తానే కదులుతుంది. ఆ సమయంలో రోజూ పీట వేసి ఐదు నిమిషాలు కూర్చోబెట్టండి, వచ్చినా రాకపోయినా లేపేయండి. పళ్ళు, కూరగాయలు, పగటి నీళ్ళు పెంచండి. రోజుకు అర లీటరు మించి పాలు తాగే పిల్లలకు అన్నం మీద ఆకలి ఉండదు, పేగుకు పీచు అందదు. వారం పది రోజుల్లో మార్పు లేకపోతే పిల్లల డాక్టరుకు చూపించండి. విరేచనం అయ్యే మందు సొంతంగా మాత్రం పోయకండి.

రాత్రి పది, పదకొండింటికి బిడ్డను నిద్రలోనే ఎత్తుకెళ్ళి పోయించే పద్ధతి ఒకటుంది. దానివల్ల పరుపు పొడిగా ఉంటుంది, నిజమే. కానీ బిడ్డ ఏమీ నేర్చుకోదు, పైగా కళ్ళు మూసుకునే పోయడం అలవాటవుతుంది. ఊరి ప్రయాణంలోనో, చుట్టాలింట్లోనో పరుపు కాపాడుకోవడానికి చేస్తే తప్పు లేదు. చేస్తే మాత్రం కళ్ళు తెరిచి, తన కాళ్ళ మీద నడిచి, మీతో రెండు మాటలు మాట్లాడేంతగా లేపండి.

తడిసిన రాత్రి పని ఐదు నిమిషాల్లో ముగియాలి. పెద్ద లైటు వేయకండి, ఉపన్యాసం వద్దు. "తడిసింది, మార్చుకుందాం" అంటే చాలు. గోరువెచ్చని నీళ్ళతో తుడిచి, ఆరబెట్టి, పొడి బట్టలు వేసి పడుకోబెట్టండి. పొద్దున ఇంటికొచ్చినవాళ్ళ ముందు ఆ సంగతి ఎత్తకండి. పొడి రాత్రికి బహుమతి ఇవ్వడం కూడా సరికాదు, అది బిడ్డ చేతిలో ఉన్న పని కాదు. పడుకునే ముందు అడగకుండా పాటీకి వెళ్తే మెచ్చుకోండి. అది తన చేతిలోదే.

పరుపు తడిస్తే రుద్దకండి, తువ్వాలు మడిచి గట్టిగా అద్దండి. చన్నీళ్ళు కాస్త చిలకరించి మళ్ళీ అద్దండి. బేకింగ్ సోడా మందంగా చల్లి కొన్ని గంటలయ్యాక దులిపేయండి. దుప్పట్లు ముందు చన్నీళ్ళలో జాడించి, ఆ తర్వాతే సబ్బు పొడితో ఉతకండి. ఎంజైములున్న పొడి అయితే వాసన బాగా వదులుతుంది. మూత్రం తడి మీద బ్లీచింగ్ మాత్రం పోయకండి, రెండూ కలిస్తే విషవాయువు వస్తుంది.

రెండు వారాలు చూశాక కూడా సగానికి పైగా రాత్రులు తడుస్తుంటే, రాత్రి డైపర్‌కు తిరిగి వెళ్ళండి. "నీ ఒళ్ళు ఇంకొంచెం పెద్దదవ్వాలి, అప్పటిదాకా ఇది వేసుకుందాం" అని మామూలుగా చెప్పండి. రెండు, మూడు నెలలాగి మళ్ళీ ప్రయత్నించవచ్చు. ఈలోగా పగటి అలవాటు చెడిపోతుందన్న భయం అక్కర్లేదు. తడి తగలగానే మోగే అలారాలు, మాత్రలు ఉన్నాయి గానీ, అవన్నీ ఐదేళ్ళు దాటాక డాక్టరుతో మాట్లాడాల్సినవి.

కొన్ని గుర్తులు కనిపిస్తే మాత్రం వయసుతో పని లేకుండా డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. మూత్రం పోసేటప్పుడు మంట, జ్వరం, మూత్రంలో ఎరుపు, ధార సన్నగా చుక్కలుచుక్కలుగా రావడం, పగలూ రాత్రీ ఎప్పుడు చూసినా బట్ట చెమ్మగా ఉండటం, రోజూ గురక పెట్టడం. ఆరు నెలలు పొడిగా ఉన్న బిడ్డ మళ్ళీ తడపడం మొదలుపెట్టినా చూపించాలి. ఉన్నట్టుండి విపరీతమైన దాహం, అస్తమానం మూత్రం, బరువు తగ్గడం కలిసి కనిపిస్తే మర్నాటిదాకా ఆగకండి, మధుమేహమేమో అదే రోజు చూపించాలి. మిగతావాటికి వెళ్ళేముందు రెండు రోజులు ఒక కాగితం మీద రాసి పెట్టండి: ఎన్నింటికి ఎంత తాగింది, ఎన్నింటికి ఒంటికి వెళ్ళింది, రెంటికి ఎప్పుడు వెళ్ళింది, అది గట్టిగా ఉందా మెత్తగా ఉందా, రాత్రి డైపర్ ఎన్ని గ్రాములు పెరిగింది. డాక్టరు అడగబోయే ప్రశ్నల్లో చాలావాటికి జవాబులు అందులోనే ఉంటాయి.

నమస్కారం.