స్కీయింగ్ మొదలుపెట్టేవారికి సలహాలు: ఫోన్-ఇన్ కార్యక్రమం

యాంకర్: స్కీయింగ్ శిక్షకులు మనతో ఉన్నారు. మొదటి కాల్ వరంగల్ నుంచి. చెప్పండి.

కాలర్: నమస్తే సార్. జనవరిలో గుల్మార్గ్ పోతున్నాం, నేనూ మా బావమరిదీ. అతనేమో అన్నీ కొనేద్దామంటాడు. నాకు బూట్ల గురించే అనుమానం సార్. ఒక సైజు పెద్దవి తీసుకుని, రెండు జతల సాక్సులు వేసుకుంటే వెచ్చగా ఉంటది కదా?

శిక్షకుడు: ఏమీ కొనకండి, అక్కడే అద్దెకిస్తారు. సాక్సులు ఒక్క జతే, పల్చటి ఉన్నివి, పిక్క దాటి పైదాకా ఉండాలి. రెండేస్తే మడతలు పడి ఒరుసుకుంటాయి, రక్తం ఆడక పాదం ఇంకా చల్లబడుతుంది. థర్మల్ ప్యాంటు అంచు కూడా బూటులోకి పోనివ్వద్దు. బూటు తొడిగాక మడమను నేలకేసి రెండుసార్లు కొట్టి, అప్పుడు బకిల్స్ పెట్టండి. నిటారుగా నిలబడితే వేళ్లు ముందు తగలాలి. మోకాళ్లు వంచితే కాస్త వెనక్కి రావాలి. మడమ పైకి లేస్తుంటే అది పెద్ద బూటు, మార్పించుకోండి.

కాలర్: వేళ్లు తగిలితే బిగుతే కదా సార్? ఒక సైజు పెద్దదైతే...

శిక్షకుడు: పెద్దది వద్దండీ, చెప్పాను కదా! బూటు వదులైతే పాదం లోపలే తిరుగుతుంది, బూటు కింద బిగించే పొడవాటి పలక, అదే స్కీ, మాత్రం తన దారిన పోతుంది. ఇంకోటి, బైండింగ్, అంటే బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపు, సరిచేసేటప్పుడు మీ బరువు, ఎత్తు, వయసు, కొత్తగా నేర్చుకుంటున్న సంగతి ఉన్నదున్నట్టు చెప్పండి. దాని స్ప్రింగు ఎక్కువ బిగిస్తే పడ్డప్పుడు స్కీ ఊడదు, మోకాలు మెలిపడుతుంది.

కాలర్: మరి ఆగడమెట్లా సార్?

శిక్షకుడు: స్కీల ముందు కొసలు దగ్గరగా, వెనుక కొసలు దూరంగా పెట్టి, మడమలను బయటికి నెట్టండి. లోపలి అంచులు మంచులో దిగి వేగం తగ్గుతుంది. కొసలు ఒకదానిపై ఒకటి ఎక్కనివ్వద్దు. అన్నిటికన్నా ముఖ్యం, వెనక్కి వాలకండి.

యాంకర్: థాంక్యూ అండీ. తర్వాతి కాల్, హైదరాబాద్ నుంచి.

కాలర్: సార్, పోయినేడు ఉత్తరాఖండ్‌లోని ఔలీలో నేర్చుకున్నాను. గంటలోనే తొడలు పట్టేశాయి, స్కీలు మాట వినలేదు.

శిక్షకుడు: వెనక్కి వాలారమ్మా. భయానికి అందరూ చేసేదే. అలా వాలితే బరువంతా తొడల మీద పడుతుంది, ముందు కొసలు మంచును పట్టవు. బూటు ముందు నాలుకకు కాలెముక ఎప్పుడూ ఆని ఉందో లేదో చూసుకోండి. ఆనకపోతే మీరు వెనక్కి వెళ్లినట్టే.

కాలర్: పడితే లేవలేకపోయాను కూడా.

శిక్షకుడు: స్కీలు రెండూ కిందివైపుకు తెచ్చి, వాలుకు అడ్డంగా పెట్టి లేవాలమ్మా. కొసలు కిందికి చూస్తుంటే లేస్తుండగానే జారిపోతాయి. ఇక పడబోతున్నామనిపిస్తే పక్కకు పడండి, చేతిలోని పోల్స్, అదే ఊతకర్రలు, వదిలేయండి. పోల్ పట్టుకునే పడితే బొటనవేలికి దెబ్బ.

యాంకర్: విజయవాడ నుంచి, త్వరగా అడగండి.

కాలర్: గుల్మార్గ్‌లో గొండోలా, అదే కేబుల్ కారు, ఎక్కి పైనుంచి స్కీ చేసుకుంటూ దిగొచ్చా?

శిక్షకుడు: వద్దు బాబూ. దాని రెండో దశ అఫర్వత్ కొండ మీద సుమారు 3,950 మీటర్ల దాకా వెళ్తుంది. నిటారు వాలు, మంచు చరియల ముప్పు. మీరు కింద చిన్న వాలు మీదే, శిక్షకుణ్ని పెట్టుకుని నేర్చుకోండి. రెండు వైపులా తిరగడం, అనుకున్న చోట ఆగడం వచ్చేదాకా అక్కడే. గాగుల్స్ మాత్రం మరవొద్దు, మబ్బు పట్టినా సరే.

కాలర్: పిల్లలకైతే...

యాంకర్: లైన్ కట్టయింది. సమయం కూడా అయిపోయింది. ధన్యవాదాలు సార్.