మా నల్లోడి పళ్ళ కోసం కొన్న నాలుగు సరుకులు: ఏది ఉంచాను, ఏది పక్కన పడేశాను

నమస్తే అండీ. వెనకాల గుర్రుమంటున్నాడు చూశారా, వాడే మా నల్లోడు. నాటుకుక్క, 6 ఏళ్ళు. కోపం నా మీద కాదు, నా చేతిలో ఉన్న ఈ బ్రష్ మీద. కుక్కల పళ్ళు తోమడానికి అమ్మే సరుకులు నాలుగు ఇక్కడ పెట్టాను. మా పర్లాకిమిడిలో దొరకలేదు, అటు పాతపట్నంలోనూ దొరకలేదు, ఆన్‌లైన్లో తెప్పించాను. నా డబ్బులతోనే, ఎవరూ ఉత్తినే పంపలేదు. అయితే ముందు ఈ అయిదోది చూడండి, కెమెరాకి దగ్గరగా పెడతాను.

కొమ్ము ముక్క. మాది కొమ్ము బొమ్మలకి పేరున్న ఊరు కదా. కొంగలు, దువ్వెనలు చేసేవాళ్ళ దగ్గర ఇలాంటి చివరలు మిగిలిపోతాయి. నేనే అడిగి తెచ్చాను, నమిలితే పళ్ళు శుభ్రపడతాయిలే అని. నెలల తరబడి సంబరంగా కొరికాడు. ఒకరోజు పొద్దున్నే చూస్తే కుడి కన్ను కింద ఉబ్బిపోయి ఉంది. "తేనెటీగ కుట్టుంటాదిరా" అంది మా అమ్మ. రెండు రోజులు పసుపు రాశాం. తగ్గలేదు. అప్పుడు వెలిగింది నాకు. అంతకు ముందు నుంచే వీడు ఎడమ పక్కనే నములుతున్నాడు, కుడి పక్క నుంచి మెతుకులు రాలుతున్నాయి. రోజూ ఊడుస్తున్నది నేనే, ఎందుకు రాలుతున్నాయో మాత్రం చూడలేదు.

బరంపురం తీసుకెళ్ళాం. డాక్టరుగారు పై పెదవి ఎత్తి చూపించారు. పై దవడలో మాంసం కోసే పెద్ద పన్ను ఉంటుంది, నాలుగో ప్రీమోలార్ అంటారు. దాని బయటి పక్క పెంకులా లేచిపోయింది. నరం బయటపడి వేరు కింద చీము పట్టింది. ఆ వేళ్ళు కంటి కిందిదాకా ఉంటాయి, అందుకే వాపు అక్కడ తేలింది. మూడు వేళ్ళ పన్ను అది. మత్తిచ్చి, పన్నుని మూడు ముక్కలుగా కోసి, ఒక్కో వేరూ విడిగా తీశారు. పెద్ద కుక్కకి 42 పళ్ళు. మావాడికి 41.

కాబట్టి నమలడానికి ఏది కొన్నా గోరు గుచ్చి చూడండి. నొక్కు పడాలి. ఇదిగో, ఈ కొమ్ము మీద నొక్కుతున్నా... నా గోరే వంగుతోంది. ఎండిన గిట్టలు, గట్టి బొమికలు అన్నీ ఇదే జాతి.

సరే, సరుకుల్లోకి వద్దాం. మొదటిది వేలికి తొడిగే సిలికాన్ బ్రష్. కుక్కపిల్లకి నోట్లో చెయ్యి పెట్టడం అలవాటు చెయ్యడానికి బాగుంటుంది, అంతవరకే. ఈ ముళ్ళు చూడండి, ఎంత లావో. చిగురూ పన్నూ కలిసే సందులోకి పోవు. పైగా ఇదిగో, కొస లేదు. నాలుగో రోజే కొరికేశాడు. ఆ ముక్క కోసం నోరంతా వెతికాను, చివరికి మంచం కింద దొరికింది. మింగి ఉంటే మళ్ళీ బరంపురమే.

రెండోది రెండు తలల బ్రష్. పిడి పొడుగు కాబట్టి వెనక పళ్ళకి అందుతుంది. కానీ కుచ్చు గరుకు, మొదటి వారం చిగుళ్ళలో నెత్తురు చూశాను. ఇప్పుడు వాడుతున్నది కిరాణా కొట్లో కొన్న చిన్నపిల్లల మెత్తటి బ్రష్. ఇంత చెప్పి అదా అనుకుంటారేమో, అదే.

మూడోది పేస్టు. ఇది మాత్రం డబ్బులకి న్యాయం చేసింది. చికెన్ రుచి, మూత తీస్తే చాలు పరిగెత్తుకొస్తాడు. గ్లూకోజ్ ఆక్సిడేజ్ లాంటి ఎంజైములు ఉన్న రకం ఇది, మింగినా పర్లేదు. మన పేస్టే రాస్తే పోలా అని మా అత్త ఫోన్లో అంది. పోదు అత్తా. కుక్కలకి ఉమ్మడం రాదు, మన పేస్టులో ఫ్లోరైడ్ అంతా కడుపులోకే పోతుంది. కొన్నిటిలో తీపి కోసం కలిపే జైలిటాల్ కూడా ఉంటుంది. అది కుక్క ఒంట్లోకి పోతే ఇన్సులిన్ ఒక్కసారిగా పొంగి షుగర్ పడిపోతుంది, లివర్ కూడా దెబ్బతినొచ్చు. కొద్దిపాటి జైలిటాల్ పోయినా చాలు, ఇంత పనీ అవుతుంది.

నాలుగోది నమిలే పుల్లలు. ప్యాకెట్ మీద డెంటల్ అని పెద్దక్షరాలు. మావాడు రెండు కొరుకుల్లో మింగేశాడు, పన్నుకి తగిలిందో లేదో కూడా తెలీదు. కొనాలనుకుంటే వి.ఓ.హెచ్.సి. అనే పశువుల దంతారోగ్య సంస్థ ముద్ర ఉందా చూడండి. పరీక్షల ఫలితాలు చూశాకే పాచికో, అది గట్టిపడిన గారకో పనిచేస్తుందని వాళ్ళు ఆ ముద్ర ఇస్తారు. నేను కొన్నదాని మీద లేదు. వేపపుల్ల ఇవ్వొచ్చా అని కూడా కొందరు అడిగారు. వాడు తోముకోడండీ, నమిలి మింగుతాడు. పేళ్ళు చిగుళ్ళలో గుచ్చుకుంటాయి.

ఇంకోటి. వారానికోసారి తోమితే సరిపోదు. పాచి రెండు మూడు రోజుల్లోనే గట్టిపడి గార అవుతుంది. కుక్క లాలాజలానికి క్షారగుణం ఎక్కువ, అందుకే మనలా పళ్ళు పుచ్చడం తక్కువ, గార పట్టడం మాత్రం ఎక్కువ. పట్టిన గార ఏ బ్రష్‌కీ ఊడదు, మత్తిచ్చి డాక్టరే తియ్యాలి. మత్తు లేకుండా గీకితే పైన తెల్లగా మెరుస్తుంది గానీ, జబ్బు ఉండేది చిగురు లోపల.

ఇప్పుడు తోమి చూపిస్తాను. నోరు తెరవక్కర్లేదు. పెదవి ఇలా పైకెత్తి, బ్రష్ 45 డిగ్రీలు వాల్చి, చిగురు అంచు వెంట గుండ్రంగా. బయటి పక్క చాలు, లోపలి పక్క చాలావరకు నాలుకే చూసుకుంటుంది. ఈ పై పళ్ళ దగ్గరే లాలాజలం గొట్టం తెరుచుకుంటుంది, ముందు గార కట్టేది ఇక్కడే. చూడండి, పసుపు గీత. కుడి పక్క ఈ ఖాళీ కనిపిస్తోందా? పన్ను తీసింది ఇక్కడే. కుట్లు మానేదాకా డాక్టరుగారు ఇటు బ్రష్ తగలనివ్వొద్దన్నారు.

ఆ నవ్వు పక్కింటి మావుసీది. "కుకురొకు బ్రష్?", అంటే కుక్కకి బ్రష్షా అని ఒడియాలో, గోడ మీంచి రోజూ ఇదే నవ్వు. నిన్న మాత్రం వాళ్ళ పొమేరియన్ నోరు వాసనొస్తోందని, ఆ పేస్టు ఏ ఊర్లో దొరుకుతుందని అడిగింది. ఒరేయ్ నల్లోడా, ఆగరా, ఎడమ పక్క ఇంకా అవ్వలేదు...