రెండో తరగతిలో చీపురు పుల్లల లెక్కలు

నమస్తే అండీ. ఈ రోజు గుంటూరులో ఒక చిన్న ప్రైమరీ స్కూలుకి వెళ్దాం. రెండో తరగతి గది. వారం రోజులు అక్కడ పాఠాలన్నీ చేత్తో చేసి నేర్చుకోవడమే. ఈ వీడియోలో పిల్లల ముఖాలు చూపించడం లేదు, చేతులు మాత్రం బాగా కనిపిస్తాయి.

స్కూల్లో యాక్టివిటీ అనగానే మనకు గుర్తొచ్చేది థర్మోకోల్ అగ్నిపర్వతం. రాత్రి పదకొండింటికి అమ్మ జిగురు పూస్తుంటుంది, నాన్న బ్లేడుతో కోస్తుంటాడు, ప్రాజెక్టు చేయాల్సిన పిల్లాడు ఎప్పుడో నిద్రపోయి ఉంటాడు. మార్కులు వాడికి, నడుంనొప్పి వీళ్లకి. ఈ క్లాసు కోసం కొన్నది రబ్బరు బ్యాండ్ల ప్యాకెట్, కాస్త దూది, పావుకిలో పెసలు. అంతే. మిగతావన్నీ ఇళ్ల నుంచే వచ్చాయి.

సోమవారం చీపురు పుల్లలతో మొదలైంది. ఇరవై మూడు రాయమంటే చాలామంది పిల్లలు 203 అని రాస్తారు. తప్పే, కాకపోతే తెలివైన తప్పు. ఇరవై వినపడింది, 20 వేశారు. మూడు వినపడింది, పక్కన 3 పెట్టారు. బోర్డు మీద గీత గీసి ఇటు పదుల స్థానం, అటు ఒకట్ల స్థానం అని ఎన్నిసార్లు చెప్పినా ఇది ఓ పట్టాన పోదు. టీచర్ ఏమీ చెప్పకుండా పుల్లలు పంచి, పదేసి లెక్కపెట్టి రబ్బరు బ్యాండు వేయమన్నారు. ఇరవై మూడు పుల్లలకి రెండు కట్టలు, మూడు విడి పుల్లలు. కట్టలెన్ని? రెండు. విడివెన్ని? మూడు. అదే రాయండి అన్నారు. మధ్యలో సున్నా ఎక్కడ పెట్టాలో వాళ్లకే తోచలేదు.

అసలు మజా బుధవారం, తీసివేతల్లో. 32లోంచి 7 తీసేయాలి. మనందరం నేర్చుకున్న పద్ధతి గుర్తుందిగా, రెండులోంచి ఏడు పోదు, పక్కింటి నుంచి ఒకటి అప్పు తేవాలి. తెచ్చింది ఒకటైతే అది పది ఎలా అయింది? ఆ అప్పు ఎప్పుడు తీరుస్తాం? మనం అడగలేదు, ఎవరూ చెప్పలేదు. ఇంకో రకం పిల్లలుంటారు, రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీసేసి 35 అని రాసేస్తారు. ఇప్పుడు ఈ చేతులు చూడండి. ముందు మూడు కట్టలు, రెండు విడి పుల్లలు ఉన్నాయి. పక్కనున్న పాపకి ఏడు ఇవ్వాలి. కాసేపు అటూ ఇటూ చూసింది... అదిగో, బ్యాండు విప్పేసింది! పన్నెండు విడి పుల్లలయ్యాయి. ఏడు ఇచ్చేసింది. మిగిలింది రెండు కట్టలు, ఐదు పుల్లలు, 25. తన దగ్గరున్నవి ఇచ్చాక పుల్లలు ఎక్కువవడం ఎక్కడా ఉండదు కాబట్టి, 35 అనే జవాబు ఇక్కడ పుట్టనే పుట్టదు.

ఇది కొత్త ఉపాయమేం కాదు. 1939లో మద్రాసు వచ్చి మన దేశంలో టీచర్లకు శిక్షణ ఇచ్చిన ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి పద్ధతిలో పదేసి పూసలు గుచ్చిన తీగలుంటాయి. పని అదే. పూసల పెట్టె ఖరీదు, చీపురు ఇంట్లోనే ఉంటుంది.

మధ్యలో ఒక తండ్రి గేటు దగ్గర టీచర్ని ఆపారు. "ఏంటి మేడం, మూడు రోజుల నుంచి నోటుబుక్కు ఖాళీగా ఉంది, ఆటలేనా?" అని. ఆయన టెన్షన్ ఆయనది, ఫీజు కట్టేది ఆయనేగా. కానీ 2020 జాతీయ విద్యా విధానం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే దశగా పెట్టి, ఆటలతో, పనులతో నేర్పమంటోంది. 2021లో వచ్చిన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ లక్ష్యం మూడో తరగతి పూర్తయ్యేసరికి అర్థం చేసుకుంటూ చదవడం, మామూలు లెక్కలు రావడం. టీచర్ ఇవేం చెప్పలేదు, "ఇంటికెళ్లి 41లోంచి 6 తీయమనండి" అన్నారు, అంతే.

పెసల సంగతి చెప్పాలి. నాలుగు గిన్నెలు. ఒకదాంట్లో తడి దూది, ఒకదాంట్లో పొడి దూది, మూడోదాంట్లో గింజలు పూర్తిగా మునిగేలా నీళ్లు, నాలుగోది తడి దూదే కానీ పైన మూతపెట్టి చీకట్లో. ఏది మొలుస్తుందో ముందే చెప్పించి బోర్డు మీద రాశారు. నాకు బాగా నచ్చింది ఇదే. ముందు ఊహ చెప్పిన పిల్లకి జవాబు మీద పంతం ఉంటుంది, రోజూ వచ్చి గిన్నెలోకి తొంగిచూస్తుంది. చీకటి గిన్నె మొలవదని దాదాపు అందరి మాట. మొలిచింది! పెసర గింజ మొలవడానికి తడి, గాలి, కాస్త వెచ్చదనం చాలు, వెలుగు అక్కర్లేదు. శుక్రవారానికి తేడా తెలిసింది, చీకట్లోది పొడుగ్గా, పాలిపోయి పసుపుగా ఉంది, వెలుగులోది పొట్టిగా పచ్చగా ఉంది. నీళ్లలో మునిగినవి గాలాడక కుళ్లి వాసనొచ్చాయి, ఆ గిన్నె చుట్టూనే జనం ఎక్కువ.

గురువారం పసుపు పూసిన కాగితం మీద సబ్బు నీళ్లు పోస్తే ఎర్రబడింది, నిమ్మరసం వేస్తే మళ్లీ పసుపైంది. ఇది నాకంత నచ్చలేదు. అంతా టీచరే చేశారు, పిల్లలు చప్పట్లు కొట్టారు. అది మ్యాజిక్ షో.

తక్కెడ మాత్రం పిల్లల చేతికే ఇచ్చారు. గుంటూరు కదా, మిరపకాయలు తూచారా అంటారేమో, ఆ చేతులతో కళ్లు నలుపుకుంటే ఇంకేమన్నా ఉందా! చింతపిక్కలు, బెండకాయలు తూచారు. మిర్చి యార్డులో హమాలీగా చేసే ఒకాయన కొడుకు, మా నాన్న మోసే టిక్కీ ఇందులో పడుతుందా అన్నాడు. టిక్కీ అంటే మిర్చి బస్తా. దాంతో టిక్కీకి ఎన్ని కిలో రాళ్లు పెట్టాలనే లెక్క మొదలై, మళ్లీ పుల్లల కట్టల దగ్గరికే చేరింది.

లోపాలూ ఉన్నాయి. గోల బాగా ఎక్కువ, పక్క క్లాసు టీచర్ రెండుసార్లు తొంగిచూశారు. తెలుగు చదివించడం ఆ వారం దాదాపు మూలపడింది, అది సర్దుకోవాలి. వచ్చే వారం పది కట్టలు కలిపి వంద కట్ట. అంత మోపుకి రబ్బరు బ్యాండు ఆగదని టీచర్ పాత సైకిల్ ట్యూబు కోసి రెడీగా పెట్టుకున్నారు.