అతుకుల బొంత అంటే తిట్టు కాదు

వేదిక మీదున్న పెద్దలకు, మన గ్రంథపాలకులు గారికి, ఇంత ఎండలో పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చిన అమ్మలకు, అమ్మమ్మలకు, నాయనమ్మలకు, ముందు చాపల మీద కూర్చున్న పిల్లలందరికీ నమస్కారం. పేరుపేరునా చెప్పాల్సినవాళ్ళు ఇంకా ఉన్నారు గానీ, కరెంటు పోతే ఫ్యాన్లు ఆగిపోతాయి, ఆ లోపలే నా మాట చెప్పేస్తాను.

మన గ్రంథాలయం వేసవి శిబిరంలో నాకిచ్చిన అంశం ‘వేసవి సెలవుల సద్వినియోగం’. రాత్రి కూర్చుని నాలుగు పాయింట్లు రాసుకున్నాను కూడా. పొద్దున పేపరు చదివాక ఆ కాగితం ఇంట్లోనే వదిలేసి ఈ మూట పట్టుకొచ్చాను. పేపర్లో ఏం రాశారంటే, ఎక్కడో నాలుగు పార్టీలు కలిస్తే అది ‘అతుకుల బొంత’ అట, ఎన్నాళ్ళో నిలవదట. ఈ మాట నేను ముప్పై ఏళ్ళుగా చదువుతున్నాను. రాసేవాళ్ళలో ఒక్కరైనా బొంత కుట్టారా? పోనీ, కుడుతుంటే పక్కన కూర్చుని చూశారా? అతుకులు వేసింది నిలవదని ఎవరు చెప్పారు వాళ్ళకి? ఇదిగో చూడండి. ఈ బొంతకి నలభై ఆరేళ్ళు. అమ్మా, మీరు ఆ చివర పట్టుకోండి, గట్టిగా లాగండి, ఫరవాలేదు, ఇంకా గట్టిగా. చిరిగిందా?

ఇది మా అమ్మ కుట్టింది. మాది నరసాపురం దగ్గర పల్లె. అక్కడ మధ్యాహ్నం పూట ఏ అరుగు మీద చూసినా లేసు అల్లుతున్న ఆడవాళ్ళే కనిపించేవారు. పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన పని అది. నూలు దారం, కొస వంకర తిరిగిన చిన్న సూది, అంతే సరంజామా. మేం జన్మలో పరుచుకోని టేబుల్ క్లాతులూ, దుప్పటి అంచులూ సముద్రాలు దాటి ఐరోపాకీ అమెరికాకీ వెళ్ళిపోయేవి. అమ్మకి దారం చుట్టల లెక్కన కూలి ఇచ్చేవారు. జనాభా లెక్కల మాస్టారు ఇంటికొచ్చి ‘మీరేం పని చేస్తారమ్మా’ అని అడిగితే, చేతిలో లేసు కదులుతుండగానే ‘నేనేం చేస్తానండీ, ఇంట్లోనే ఉంటాను’ అన్న మనిషి మా అమ్మ. ఆయన కూడా అదే రాసుకుని వెళ్ళిపోయారు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. లేసు పరాయివాళ్ళ కోసం, డబ్బుల కోసం. బొంత మాత్రం మా కోసం. అది సాయంత్రాలు కుట్టేది, పెరట్లో నీళ్ళు చల్లి, నులకమంచం నిలబెట్టేసి, నేల మీద చాప పరిచి.

వేసవిలోనే ఎందుకు కుడతారో తెలుసా పిల్లలూ? పాత చీరలు ఉతికి ఆరేస్తే ఒక్క పూటలో ఎండుతాయి, ముక్కవాసన ఉండదు. పొద్దు ఎక్కువసేపు ఉంటుంది. మీలాంటి పిల్లలు సెలవుల్లో ఇంట్లోనే ఉంటారు, సూదిలో దారం ఎక్కించడానికి పనికొస్తారు. ముసురు పట్టే వేళకి బొంత సిద్ధంగా ఉంటుంది.

చీర అయిదున్నర మీటర్లు. సగానికి మడిస్తే ఒక మనిషికి సరిపోయే పొడవు, పైన తలదాకా కప్పుకున్నా ఇంకా మిగులుతుంది. అలా రెండు చీరలు ఒకదాని మీద ఒకటి వేస్తే నాలుగు పొరలు. మధ్యలో పాత పంచెలు, చిరిగిన దుప్పటి ముక్కలు, ఏవైనా నూలువే వెయ్యాలి. నైలాను, పాలిస్టరు వేశారంటే సూది జారిపోతుంది, కప్పుకుంటే చెమట పోస్తుంది. నాలుగు మూలలా బరువు పెట్టాలి, మా ఇంట్లో ఒక మూల రుబ్బురోలు పొత్రం, ఒక మూల పీట, మిగతా రెండు మూలలకీ నేనూ మా చెల్లీ. ముందు పొడుగ్గా పచ్చికుట్లు వేసుకోవాలి, లేకపోతే లోపలి పొరలు ముడతలు పడతాయి, ఆ ముడత ఇక ఎప్పటికీ పోదు, పడుకున్నప్పుడల్లా వీపుకి తగులుతూనే ఉంటుంది. ఆ తర్వాత అంచు నుంచి లోపలికి, చుట్టూ తిరుగుతూ, వరసకీ వరసకీ మధ్య ఒక వేలెడు దూరంలో కుట్టుకుంటూ రావాలి. మధ్యకి చేరేసరికి నెల పడుతుంది. చేతికి కాయలు కాస్తాయి.

ఇది చూడండి, ఈ ముదురు పసుపుది మా అమ్మ నేత చీర. ఈ తెల్లటిది మా తాతమ్మది, ఆవిడ పోయాక. ఈ చారల గుడ్డ మా నాన్న తువ్వాలు. ఇక్కడ, ఈ మూల, అరచెయ్యంత మేర కుట్లు ఎలా ఉన్నాయో దగ్గరికొచ్చి చూడండి. మిగతావన్నీ బియ్యపు గింజల్లా సమంగా ఉంటే, ఇవి ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, ఒకటైతే పక్కకి పోయింది. అవి నావి. అప్పుడు నాకు పదేళ్ళు. మా అమ్మేమీ మెచ్చుకోలేదు. రెండుసార్లు విప్పించింది. మూడోసారి కుట్టేసరికి చీకటి పడింది, దీపం దగ్గర సూది పట్టుకుంటే కళ్ళు పోతాయని ఆపేసింది. మర్నాడు విప్పుదామని మరచిపోయింది. ఆ మరపు వల్లే నా పదేళ్ళ చెయ్యి ఇక్కడ మిగిలింది.

నేను ఇరవై ఏడేళ్ళు కుట్టు టీచరుగా పనిచేశాను. క్రాఫ్ట్ పీరియడు అని ఉండేది, వారానికి రెండు. పదో తరగతి పరీక్షలు దగ్గర పడుతున్నాయంటే ముందు ఎగిరిపోయేది ఆ పీరియడే. లెక్కల మాస్టారు తలుపు దగ్గర నిలబడి ‘మేడం, మీది ఎలాగూ టైంపాసే కదా, ఓ గంట ఇవ్వండి’ అనేవారు. ఇచ్చేదాన్ని. ఇవ్వకుండా ఉండాల్సింది. గొలుసు కుట్టు సరిగ్గా వేసిన పిల్లకి కొలతలు వస్తాయి, ఓపిక వస్తుంది, తప్పు చేస్తే విప్పుకుని మళ్ళీ చెయ్యొచ్చని తెలుస్తుంది. కాడ కుట్టు, కాజా కుట్టు, ముడి కుట్టు, ఇవన్నీ మీలో ఎంతమందికి వచ్చు? చేతులెత్తండి. అందరూ అమ్మమ్మలే. చూశారా.

ఒక్క నిమిషం. వింటున్నారా? బయట వేపచెట్టు మీద. కోయిల. ‘కోయిలమ్మ పాడుతోంది’ అంటాం కదా, పాడేది మగది, నల్లగా నిగనిగలాడేది. ఆడది గోధుమరంగు మీద తెల్ల చుక్కలతో ఉంటుంది, కిక్కిక్కిక్ మని అరుస్తుంది. దాన్ని చూసి చాలామంది వేరే పక్షి అనుకుంటారు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటాం, ఆ ఎండల్లో కూడా కరివేపాకు చెట్టుకి పండ్లు మాగాయంటే చాలు, ఆడదీ మగదీ రెండూ దిగుతాయి. వాటితో పిగిలిపిట్టలు. నల్ల జుట్టు, తోక కింద ఎర్ర మచ్చ, అవే.

పిగిలిపిట్టల సంగతి చెప్పాలి. అసలు ఇది చెప్పడానికే వచ్చానేమో, ఈ మాట ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

రిటైరయ్యాక మొదటి వేసవి. పెరట్లో మల్లెపందిరి కింద కూర్చుని దిండు గలీబుల మీద పూలు కుట్టేదాన్ని. ఎంబ్రాయిడరీ దారం ఆరు పోగులు కలిసి ఉంటుంది కదా, రెండు పోగులు విడదీసి వాడుకుని, మిగిలిన తుంపులు అక్కడే వదిలేసేదాన్ని. అప్పటికే పిట్టలు వాటిని ఎత్తుకుపోవడం చూశాను. ఎంత సంబరపడ్డానో! నా పసుపు దారం గూట్లో అల్లుకుంటున్నాయని, ఇంకాస్త పొడుగు ముక్కలు కావాలని కత్తిరించి కొమ్మలకి వేలాడదీశాను. మూరెడు ముక్కలు. పందిరిలోనే, నా తల ఎత్తున, పిగిలిపిట్ట గూడు కట్టింది, సన్న పుల్లలు, వేళ్ళు, వాటి మధ్య నా పసుపు దారం. మూడు పిల్లలయ్యాయి. పది పన్నెండు రోజులకి రెండు ఎగిరిపోయాయి. మూడోది గూట్లోనే ఉండిపోయింది. తల్లి తెచ్చి నోట్లో పెడుతోంది, ఇది రెక్కలు కొట్టుకుంటోంది, లేవడం లేదు. భయపడుతోందనుకున్నాను. ఒక రోజంతా అలాగే అనుకున్నాను. మర్నాడు పొద్దున స్టూలు వేసుకుని ఎక్కి చూస్తే, పసుపు దారం దాని కాలికి రెండు మెలికలు తిరిగి, చర్మంలోకి కోసుకుపోయి ఉంది. నా ఎంబ్రాయిడరీ కత్తెరతోనే దారం తెంపాను. ఆ కాలు అప్పటికే నల్లబడిపోయింది. రెండు రోజులు బతికింది.

నేను ఆ వేసవంతా సూది ముట్టుకోలేదు.

అందుకని మిమ్మల్నందరినీ చేతులు జోడించి అడుగుతున్నాను. కుట్టుకునే చోట దారం తుంపు వదిలేయకండి. ఊడ్చి చెత్తబుట్టలో వేసే ముందు కూడా వేలి కణుపు కంటే చిన్నగా కత్తిరించండి. సంక్రాంతి గాలిపటాల దారం ఏ చెట్టుకి వేలాడుతున్నా కర్ర పెట్టి లాగేయండి. పిట్టలకి ఏదైనా ఇవ్వాలనిపిస్తే కాస్త దూది ఇవ్వండి. మేలో, జూన్‌లో పెరట్లో కొమ్మలు నరకకండి, నరకాల్సి వస్తే ముందు ఆకుల మధ్య చెయ్యి పెట్టి చూడండి.

మరుసటి ఏడాది సూది పట్టించింది కూడా ఒక పిట్టే. దర్జీపిట్ట అంటారు, కొందరు కుట్టుపిట్ట అంటారు. బొటనవేలంత ఒళ్ళు, నిక్కపొడుచుకున్న తోక, తూకం వేస్తే పది గ్రాములు ఉండదు, గొంతు మాత్రం వీధి చివరికి వినిపిస్తుంది. నా వంగమొక్క ఒకటి నడుమెత్తు పెరిగి ఉంది. కింది ఆకు ఒకటి దొన్నెలా ముడుచుకుపోయి కనిపిస్తే పురుగు పట్టిందనుకుని తుంచబోయి, దగ్గరికెళ్ళాక ఆగిపోయాను. ఆకు రెండు అంచులకీ వరసగా బెజ్జాలు. గుండుసూదితో పొడిచినట్టున్నాయి. ఆ బెజ్జాల్లోంచి దూది పోగు లాగి, ఇవతల వైపు చిన్న ఉండలా ఉబ్బించి వదిలేసింది, జారిపోకుండా. మనం ముడి వేస్తాం చూడండి, ముడి లేకుండా ముడి పని చేసే ఉపాయం అది. కొన్నిచోట్ల సాలెగూటి దారం. నేను లెక్కపెట్టాను, పద్నాలుగు కుట్లు. ఆ గూడు కుట్టేది ఎక్కువగా ఆడపిట్టే. సూది దాని ముక్కే. దానికి ఏ టీచరూ నేర్పలేదు.

ఆ దూది నేను బొంతలోకి నింపడానికి ఎండబెట్టినదే. పళ్ళెంలోంచి తీసుకెళ్ళింది. నాకు చెప్పలేనంత ఏడుపొచ్చింది, సంతోషమే అది. పన్నెండు రోజులు పొదిగింది. ఆ వంగమొక్కకి మందు కొట్టలేదు, కాయలు పుచ్చిపోయినా ఊరుకున్నాను, పిల్లలకి అవి ఏరుకొచ్చి పెట్టేది ఆ పురుగుల్నే కదా. పిచ్చుకలు కూడా అంతే, మనం వరికంకుల కుచ్చు కట్టి వడ్లు పెడుతున్నాం అనుకుంటాం, గూట్లో పిల్లలకి మాత్రం అవి పురుగులే తెచ్చిపెడతాయి. మార్చి 20న పిచ్చుకల దినోత్సవం జరుపుకుని, ఏప్రిల్‌లో మొక్కలకి మందులు కొడితే ఎలా?

పెరడు లేదంటారు, తెలుసు. అపార్ట్‌మెంటులో బాల్కనీ ఉంది కదా. ఒక కుండీలో బచ్చలి, ఒక దాంట్లో గోంగూర వేసి, మొక్క మొదలు చుట్టూ ఎండుటాకులు కప్పి, బియ్యం కడిగిన నీళ్ళు పోయండి. ఒక మట్టిమూకుడు నీడలో పెట్టండి, రెండంగుళాల లోతు చాలు, లోతెక్కువైతే పిట్ట దిగదు. రోజూ ఒలకబోసి, కడిగి, కొత్త నీళ్ళు పోయాలి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి. ఈ పని పిల్లలకి అప్పగించండి. వాళ్ళే చూస్తారు ఏ పిట్ట ఎప్పుడు వస్తోందో.

పాత చీరలు ఇచ్చేసి స్టీలు గిన్నెలు తీసుకోవడం మానండమ్మా. నేనూ చేశాను ఆ పని. మా అమ్మ చీరలు పదకొండు ఇచ్చి ఒక డబ్బా, రెండు గిన్నెలు తీసుకున్నాను. ఆ డబ్బా సొట్టపడి ఎప్పుడో పోయింది. అవి ఉంటే ఈపాటికి నా ఇద్దరు మనవరాళ్ళకీ చెరో బొంతా ఉండేది. ఇప్పుడు ఇదొక్కటే ఉంది, ఇద్దరూ అడుగుతున్నారు, ఏం చెయ్యను, మధ్యకి కోసివ్వలేను కదా.

అందుకే ఈ సంచీలో ఇంకో రెండు చీరలు తెచ్చాను. నావే. ఒకటి నేను ఉద్యోగంలో చేరిన రోజు కట్టుకున్నది. ఉతికి, గంజి పోయేదాకా నానబెట్టి తెచ్చాను. శిబిరం అయ్యేలోగా ఇక్కడే, ఈ హాల్లోనే కుడదాం. గ్రంథపాలకులు గారు సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా హాలు ఇస్తామన్నారు. మగపిల్లలు కూడా రావాలి, వెనక్కి జరగకండి నాన్నా, ఊళ్ళో దర్జీలందరూ మగవాళ్ళేగా. ఇంట్లో ఉన్న నూలు గుడ్డ ఏదైనా సరే, జేబురుమాలంత ఉన్నా సరే, తలా ఒకటి తెండి. ఎవరి గుడ్డ ఎక్కడ పడిందో తర్వాత మీకే తెలుస్తుంది.

ఇక మాటలు చాలు. ఈ బల్లలు పక్కకి జరపండి, చాపలు దగ్గరగా వెయ్యండి. నాలుగు మూలలకీ నలుగురు బరువైన పిల్లలు కావాలి. నాకు కళ్ళు ఆనడం లేదు, సూదిలో దారం ఎక్కించడం వచ్చినవాళ్ళు ఎవరో ఇటు రండి.