యాంప్ లేకుండా స్టేజి మీద బేస్ గిటార్: ప్రాసెసర్‌ని లైవ్‌కి సెట్ చేసుకోవడం

[వీడియో మొదలు. నాలుగు బార్లు బేస్ ఒక్కటే. ఆఖరి స్వరం ఓపెన్ ఈ (E) స్ట్రింగ్.]

విన్నారు కదా, దీని వెనక యాంప్ లేదు, స్పీకర్ క్యాబినెట్ లేదు. నా కాలి దగ్గర టిఫిన్ బాక్సంత పెట్టె ఒకటి ఉంది. బేస్ అందులోకి వెళ్ళింది, అందులోంచి ఒక కేబుల్ మిక్సర్‌కి వెళ్ళింది. అంతే. మనవాళ్ళు దీన్ని ప్రాసెసర్ అంటారు, కంపెనీల వాళ్ళు మోడలర్ అంటారు. నాది లైన్ 6 హెచ్ఎక్స్ స్టాంప్. మీ దగ్గర జూమ్ బీ1 ఫోర్ ఉన్నా, ఇంకేదున్నా ఇవాళ చెప్పేది దానికీ వర్తిస్తుంది. బటన్ల పేర్లు మారతాయంతే.

నమస్కారం. "అన్నా, ప్రాసెసర్ కొన్నాను, ఇంట్లో అదిరిపోతోంది, స్టేజి మీద తుస్సుమంటోంది" అని నాకు చాలామంది చెప్పారు. నాకూ అదే జరిగింది. ముందు ఆ సంగతి చెప్తాను.

మొదటిసారి యాంప్ ఇంట్లో వదిలేసి వెళ్ళింది ఒక పెళ్ళి రిసెప్షన్‌కి. బ్యాగులో పెట్టె, భుజాన గిటార్, బండి మీద వెళ్ళిపోయా. ఆటో డ్రైవర్‌తో బేరం లేదు, ఫంక్షన్ హాల్ మెట్ల మీద క్యాబినెట్ మోసేది లేదు. వారం రోజులు రాత్రిపూట హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ప్రీసెట్, అంటే పెట్టెలో సేవ్ చేసుకునే సెట్టింగు, తయారు చేశాను. పరుపు మీద పడుకున్నట్టుండేది సౌండు. రెండో పాట అయ్యాక హాల్ వెనక నిలబడి విన్న మా ఫ్రెండ్ వచ్చి అన్నాడు: "బేస్ వినిపిస్తోందిరా, కానీ ఏం వాయిస్తున్నావో తెలీట్లేదు." గుమ్ గుమ్ గుమ్. స్వరాలు లేవు, గుమ్ము మాత్రం ఉంది.

తప్పు పెట్టెది కాదు. చెవిది. సౌండ్ తక్కువగా ఉన్నప్పుడు మన చెవికి కింది ఫ్రీక్వెన్సీలు సరిగ్గా అందవు. బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు దీన్ని కొలిచి 1933లోనే గ్రాఫులు వేశారు. రాత్రి ఇంట్లోవాళ్ళు లేస్తారని చిన్న వాల్యూమ్‌లో వింటూ, బేస్ చాలట్లేదని నాబ్ తిప్పుతాం. అదే ప్రీసెట్‌ని పీఏలో, అంటే హాల్లో జనానికి వినిపించే స్పీకర్లలో, గట్టిగా పెడితే, చెవికి అప్పటిదాకా అందనిదంతా ఒక్కసారిగా అందుతుంది. దాని మీద మనం కలిపిన బేస్ అదనం. ఆ పైన 18 అంగుళాల సబ్‌లు (కింది సౌండు కోసమే ఉండే స్పీకర్లు), గ్రానైట్ ఫ్లోరు, రేకుల పైకప్పు.

కాబట్టి ప్రీసెట్ గట్టి సౌండ్‌లోనే చేయాలి. ప్రాక్టీస్ రూమ్‌లో గంట ముందు వెళ్ళండి, చర్చి వాళ్ళైతే ఆరాధనకి ముందు మిక్సర్ ఆన్ చేయించుకోండి. అసలు కుదరకపోతే ఇంట్లో బేస్ నాబ్ ముట్టుకోకుండా వదిలేయండి. "ఇంకొంచెం ఉంటే బాగుండు" అనిపించేచోట ఆగండి.

సరే, పెట్టె లోపలికి వెళ్దాం.

[కెమెరా స్క్రీన్ దగ్గరకి]

మొదట ఇన్‌పుట్. ఎంత గట్టిగా స్లాప్ చేస్తారో (బొటనవేలితో తీగని కొడతారో) అంత గట్టిగా చేసి చూడండి. ఎర్ర లైటు వెలిగితే ఇన్‌పుట్ తగ్గించండి, లేదా ప్యాడ్ ఆన్ చేయండి. యాక్టివ్ బేస్ (లోపల బ్యాటరీ ఉండేది) ఉన్నవాళ్ళకి ఇది తప్పనిసరి. ఇందులో ఇంకేం లేదు.

తర్వాత యాంప్ మోడల్, అంటే అసలు యాంప్‌ని అనుకరించేది, దాని పక్కన క్యాబ్, అంటే స్పీకర్ క్యాబినెట్‌ని అనుకరించేది. ఈ క్యాబ్ ఆఫ్ చేస్తా, వినండి.

[క్యాబ్ ఆఫ్, డ్రైవ్ (గరుకు సౌండు) ఉన్న లైన్ వాయిస్తూ]

చూశారా, పైన ఇసుక రాలినట్టు ఉంది. ఇప్పుడు ఆన్.

[అదే లైన్]

ఇసుక పోయింది. అసలు బేస్ క్యాబినెట్ చేసే పనే అది, పైనా కిందా కోసేయడం. ఆంపెగ్ ఎస్‌వీటీ అనే బేస్ యాంప్ ఉంది కదా, 1969లో వచ్చింది, 300 వాట్లు, ఎనిమిది పదంగుళాల స్పీకర్లు. అందరూ ప్రాణంగా చూసుకునే ఆ ఎనిమిది స్పీకర్ల క్యాబ్ కూడా 60 హెర్ట్జ్ కిందకి వెళ్ళేకొద్దీ తగ్గిపోతుంది, పైన 5 కిలోహెర్ట్జ్ దాటాక కూడా అంతే. దాన్నే మనం 'వెచ్చటి సౌండు' అంటాం.

మిక్సర్‌కి వెళ్తుంటే క్యాబ్ ఆన్‌లో ఉండాలి. ఎక్కడో యాంప్ దొరికి అందులోకి పెడితే ఆఫ్‌లో ఉండాలి, ఎందుకంటే అక్కడ నిజం క్యాబే ఉంది. క్యాబ్ మీద క్యాబ్ పడితే దుప్పటి మీద దుప్పటి కప్పినట్టే. యాంప్‌కి వెనక ఎఫెక్ట్స్ రిటర్న్ (యాంప్ ముందు భాగాన్ని దాటేసే సాకెట్) ఉంటే దాంట్లోకి పెట్టండి, ముందున్న ఇన్‌పుట్‌లోకి కాదు.

ఇప్పుడు హై పాస్ ఫిల్టర్. ఫలానా ఫ్రీక్వెన్సీ కిందున్నదంతా కోసేస్తుంది. నేను నాలుగు తీగల బేస్‌కి 40 హెర్ట్జ్ దగ్గర, ఐదు తీగలకి 30 దగ్గర పెడతాను. పెట్టమంటే అందరూ భయపడతారు. "ఓపెన్ ఈ (E) 41 హెర్ట్జ్ అన్నా, బేసే పోతుంది కదా" అని.

చిన్న పరీక్ష. మీలో సగంమంది ఈ వీడియో ఫోన్ స్పీకర్లో చూస్తున్నారని నాకు తెలుసు. వినండి.

[ఓపెన్ ఈ (E), ఒక్కసారి, ఆగేదాకా]

మీ ఫోన్ స్పీకర్ 41 హెర్ట్జ్ పలకలేదు. వేలి గోరంత స్పీకరది. అయినా ఇది కింది ఈ (E) స్వరమని మీకు తెలిసింది, పై ఆక్టేవ్ ఈ (E) అనుకోలేదు. స్పీకర్‌లోంచి వచ్చింది ఆ పై ఆక్టేవ్ 82 హెర్ట్జ్ కూడా కాదు, ఇంకా పైన ఉండే హార్మోనిక్సే, అంటే అదే స్వరంతో పాటు పుట్టే పై ఫ్రీక్వెన్సీలే. వాటి మధ్య దూరం చూసి కింది స్వరాన్ని మెదడు తనే కట్టుకుంటుంది. కాబట్టి హై పాస్ పెడితే స్వరం పోదు. పోయేది తీగ మీద చెయ్యి ఆనించినప్పుడు వచ్చే ధబ్ ధబ్, స్టేజి చెక్కల అదురు. సబ్‌లకి ఊపిరాడుతుంది.

ఇక మిడ్స్, అంటే మధ్య ఫ్రీక్వెన్సీలు. ఈ వీడియోలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఇది పెట్టుకోండి. 700, 800 హెర్ట్జ్ చుట్టూ కొంచెం పెంచండి. 3 డీబీ చాలు. 250 దగ్గర అంతే కొంచెం తగ్గించండి. ఒంటరిగా వాయిస్తే ఇది బాగోదు, ముందే చెప్తున్నా. ముక్కుతో మాట్లాడినట్టుంటుంది.

మన బ్యాండ్లలో ఎవరెవరుంటారో చూడండి. డ్రమ్మర్ కిక్ 60, 80 దగ్గర కూర్చుంటుంది. ఆక్టోప్యాడ్ ఉంటే ఢోలక్ శాంపిల్ కూడా అక్కడికే వస్తుంది. ఆపైన కీబోర్డు ఆయన ఎడమ చెయ్యి! ఏళ్ళ తరబడి బేసిస్ట్ లేని ఆర్కెస్ట్రాల్లో ఆ ఎడమ చెయ్యే బేస్, పాపం ఆయన అలవాటు ఆయనది. టీ తాగుతున్నప్పుడు నవ్వుతూ చెప్పండి, "అన్నా, ఎడమ చెయ్యి ఇవాళ నాకు వదిలేయండి" అని. ఏ ఈక్యూ (ఫ్రీక్వెన్సీలని పెంచీ తగ్గించే నాబ్‌లు) ఇంత పని చేయదు. ఇంతమంది కింద కిక్కిరిసి ఉంటే, మీ వేలు తీగని లాగిన సంగతి వినేవాడికి తెలిసేది ఆ 700 దగ్గరే.

డ్రైవ్ వాడేవాళ్ళు బ్లెండ్ వాడండి. డ్రైవ్ పెట్టగానే బరువు తగ్గినట్టుంటుంది, సగం క్లీన్ కలిపితే అది తిరిగొస్తుంది. కంప్రెసర్ (గట్టి దెబ్బల్ని అణిచి సౌండ్‌ని సమానం చేసేది) 4కి 1, గట్టిగా కొట్టినప్పుడు మీటర్ 4, 5 డీబీ కదిలితే సరి. ప్రీసెట్లు మూడు చాలు: వేళ్ళకి ఒకటి, స్లాప్‌కి ఒకటి, డ్రైవ్ ఒకటి. మూడింటి వాల్యూమ్ బ్యాండ్ వాయిస్తుండగా సమానం చేయండి. ఒంటరిగా సరిచూసుకుంటే స్లాప్ ప్రీసెట్ నొక్కగానే మిక్సర్ దగ్గరుండే సౌండ్ అన్న మొహం మారిపోతుంది.

బయటికి వెళ్ళే దారి. మోనోలో పంపండి, ఎడమ అవుట్‌పుట్ ఒక్కటే. స్టీరియో కోరస్ ఇంట్లో అందంగా ఉంటుంది, చాలా హాళ్ళలో పీఏ మోనో, అక్కడ అదే కోరస్ బేస్‌ని తినేస్తుంది. పెద్ద యూనిట్లకి ఎక్స్‌ఎల్‌ఆర్ (మైక్ కేబుల్ పెట్టే మూడు పిన్నుల సాకెట్) ఉంటుంది. హెచ్ఎక్స్ స్టాంప్‌కి లేదు, జాక్ అవుట్‌లే. అందుకని నేను మధ్యలో డీఐ బాక్స్, అంటే జాక్ సిగ్నల్‌ని మైక్ కేబుల్‌కి సరిపడేలా మార్చే చిన్న పెట్టె, పెడతాను. మిక్సర్‌లో 48 వోల్టుల ఫాంటమ్ (కొన్ని మైకులకి కేబుల్ ద్వారా పంపే కరెంటు) ఆన్‌లో ఉంటే, దాన్ని తిన్నగా యూనిట్ మీదకి రానివ్వకుండా డీఐ అడ్డం నిలబడుతుంది కూడా. మీ యూనిట్‌కి ఫాంటమ్ తగిలితే ఏమవుతుందో మాన్యువల్లో ఒకసారి చూసుకోండి.

కేబుల్ పెట్టగానే 'హూఁ' అని హమ్ వచ్చిందా?

[హమ్ శబ్దం. దాని మీద ఈ (E) స్ట్రింగ్ మూడో ఫ్రెట్ వాయిస్తూ]

మన కరెంటు 50 హెర్ట్జ్. ఈ (E) స్ట్రింగ్ మూడో ఫ్రెట్‌లో జీ (G) స్వరం 49. పక్కపక్కనే ఉన్నాయి, అందుకే జీ పట్టుకున్నప్పుడల్లా స్వరం ఊగుతున్నట్టుంది. కొందరు ఇది తీగ శ్రుతి తప్పిందనుకుని ట్యూన్ చేస్తూ కూర్చుంటారు. డీఐ బాక్స్ మీద గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ నొక్కండి, చాలాసార్లు పోతుంది. ప్లగ్గులో ఎర్త్ పిన్ను మాత్రం పీకేయకండి. హమ్ పోవచ్చు, కానీ తర్వాత మైక్‌కి పెదవి తగిలిన సింగర్‌కి షాక్ కొట్టవచ్చు.

కరెంటు సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకటి. హెచ్ఎక్స్ స్టాంప్‌కి 9 వోల్టులు, 3 ఆంప్‌లు కావాలి. మామూలు పెడల్ అడాప్టర్ అంత ఇవ్వలేదు. దానితో వచ్చిన అడాప్టరే తీసుకెళ్ళండి. ఒకసారి మండపంలో కరెంటు నుంచి జనరేటర్‌కి మారుస్తుంటే అర సెకను లైట్లు ఆరాయి. యాంప్ అయితే ఒక టక్కు, మళ్ళీ సౌండు. పెట్టె అలా కాదు, అది కంప్యూటర్, మళ్ళీ మొదట్నుంచి బూట్ అవ్వాలి. లోగో వచ్చింది, గీత నెమ్మదిగా జరుగుతోంది, పల్లవి అయిపోయింది, నేను ఉత్తుత్తి తీగలు లాగుతూ నవ్వుతూ నిలబడ్డా. వీడియో తీసే అబ్బాయి సరిగ్గా అప్పుడే నా మీద ఫోకస్ పెట్టాడు. అప్పట్నుంచి డీఐ బాక్స్ బ్యాటరీ, ఫాంటమ్ అవసరం లేని పాసివ్‌ది వాడుతున్నా. పెట్టె పడిపోతే గిటార్ కేబుల్ పీకి తిన్నగా అందులోకే. సౌండు కొంచెం బోడిగా ఉంటుంది, ఉండనీయండి. అమెరికాలో మోటౌన్ రికార్డుల కంపెనీ స్టూడియోలో పేరుమోసిన బేసిస్ట్ జేమ్స్ జేమర్సన్ బేస్‌ని ఎక్కువగా రికార్డు చేసింది యాంప్ లేకుండా తిన్నగా మిక్సింగ్ బోర్డులోకే.

ఇప్పుడు అసలు ఇబ్బంది, పెట్టెలో లేనిది. మానిటర్, అంటే స్టేజి మీద మన సౌండు మనకి వినిపించే స్పీకర్.

యాంప్ ఉన్నప్పుడు వెనక నుంచి గాలి వచ్చి ప్యాంటు కదిలేది. అది పోతుంది. మీ సౌండు మీకు ఎక్కడి నుంచి రావాలో మీరే ఏర్పాటు చేసుకోవాలి. ముందున్న మానిటర్‌లో సింగర్ గొంతు ఉంటుంది, అందులోనే బేస్ కూడా పోస్తే ఆమెకి శ్రుతి అందదు. అడిగితే 700 పైనున్నదే కొంచెం అడగండి, కింది బరువు సబ్‌ల నుంచి ఎలాగూ స్టేజి వెనక్కి వస్తుంది. ఇన్ ఇయర్ (చెవిలో పెట్టుకునే మానిటర్) ఉంటే హాయి, కానీ రెండు చెవులకీ పెట్టుకోండి. ఒకటి తీసేస్తే రెండోదాని వాల్యూమ్ తెలియకుండానే పెంచేస్తారు, అదే చెవి పాడవుతుంది. డ్రమ్మర్ బేస్ వినపడట్లేదంటే ఆయన మానిటర్‌లో కూడా వేయించండి. ఇంతకుముందు ఆయన మీ యాంప్‌నే వినేవాడు, మర్చిపోతాం.

"లేటుగా వస్తుందా అన్నా?" అని అడుగుతారు. పెట్టెలోపల పట్టేది రెండు మూడు మిల్లీసెకన్లు. గాలిలో శబ్దం ఒక మిల్లీసెకనుకి 34 సెంటీమీటర్లు వెళ్తుంది. యాంప్‌కి మూడు మీటర్ల దూరంలో నిలబడి వాయించినన్నాళ్ళూ 9 మిల్లీసెకన్ల లేటుతోనే వాయించాం, ఎవరూ కంప్లైంట్ ఇవ్వలేదు.

ఆఖరుది సౌండ్ అన్న దగ్గర. నేను పెట్టె పెట్టగానే జరిగే మాట ఇది:

"యాంప్ ఎక్కడ తమ్ముడూ?"

"ఇదే అన్నా."

"ఇదా?"

ఆ "ఇదా"కి నొచ్చుకోకండి. "అన్నా, ముందు ఈక్యూ ఫ్లాట్‌గా పెట్టి ఒకసారి వినండి, తర్వాత మీ ఇష్టం" అనండి. లేకపోతే బేస్ ఛానల్ అనగానే 60 పెంచి మిడ్ లాగేయడం చాలామందికి చేతి అలవాటు, మనం చేసినదంతా అక్కడ చెరిగిపోతుంది. మూడు ప్రీసెట్లలో ఎక్కువ సౌండున్నది ముందు వాయించండి, ఆయన గెయిన్ పెట్టుకుంటాడు. ఆ తర్వాత మీ మాస్టర్ నాబ్ ముట్టుకోవద్దు. తక్కువైందనిపిస్తే ఆయన్నే అడగండి.

ఇప్పుడు ఒకే లైను, రెండు ప్రీసెట్లు, రెండూ డ్రమ్స్, కీబోర్డుతో కలిపి. ఫోన్ స్పీకర్ వద్దు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి, కొంచెం గట్టిగా.

[మొదటి ప్రీసెట్, ఎనిమిది బార్లు]

[రెండో ప్రీసెట్, అవే ఎనిమిది బార్లు]

మొదటిది ఆ రిసెప్షన్‌కి తీసుకెళ్ళింది, పరుపులాంటిది. రెండోది అంతకుముందే చేసి, ఇంట్లో వింటే పేలవంగా ఉందని పక్కన పడేసింది.