మైనం ముక్క

వేదిక మీదున్న పెద్దలకు, శ్రీకాకుళం పింఛనుదారుల సంఘం మిత్రులకు నమస్కారం. అందరి పేర్లూ చదివితే నాకిచ్చిన పది నిమిషాలూ వాటికే సరిపోతాయి, క్షమించాలి.

ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు వచ్చిన యాంటీబాడీ మందుల గురించి చెప్పమన్నారు. 1975లో కేంబ్రిడ్జిలో కోలర్, మిల్‌స్టైన్ అని ఇద్దరు, చిట్టెలుక ప్లీహంలో యాంటీబాడీలు తయారుచేసే కణాన్ని చావన్నది లేని క్యాన్సర్ కణంతో కలిపేశారు. ఒకే రకం యాంటీబాడీ కావలసినంత వచ్చింది. క్యాన్సర్ చేతే క్యాన్సర్ మందు చేయించే దారి పడింది చూడండి! 1984లో నోబెల్ ఇచ్చారు.

ఇప్పటి అమివాంటమాబ్ అనే యాంటీబాడీ మందు ఒక చేత్తో క్యాన్సర్ కణం పైనున్న ఈజీఎఫ్ఆర్ అనే ప్రోటీన్‌ని, ఇంకో చేత్తో మెట్ అనే ప్రోటీన్‌ని పట్టుకుంటుంది. ఈజీఎఫ్ఆర్ జన్యువులో ఎక్సాన్ 20 అనే భాగం దగ్గర అదనపు ముక్క చేరినవాళ్లకు మామూలు మాత్రలు సరిగా పనిచేయవు. వాళ్ల కోసమే 2021లో అమెరికాలో దీన్ని అనుమతించారు. ఎవరిలో ఏ మార్పుందో తెలియాలంటే మాత్రం మామూలుగా గడ్డ నుంచి తీసిన ముక్కకి జన్యు పరీక్ష కావాలి. నేను వచ్చింది దాని గురించి మాట్లాడ్డానికే.

మా అప్పది నరసన్నపేట దగ్గర పల్లె. దగ్గు మొదలైతే ఊరంతా అడిగింది ఒకటే, అడ్డపొగ, అంటే చుట్ట నిప్పు కొసని నోట్లో పెట్టుకుని, తాగేదా అని. అడ్డపొగతో ఎక్కువగా వచ్చేది అంగిలి క్యాన్సరండీ. మా అప్ప చుట్టే ముట్టలేదు. అసలు పొగ ముట్టని ఆడవాళ్లలోనే ఈ ఈజీఎఫ్ఆర్ మార్పు ఎక్కువ కనిపిస్తుంది.

ఎక్స్‌రేలో మచ్చ చూసి టీబీ మందులు మొదలెట్టారు. మూత్రం ఎర్రగా వస్తే "మందు పనిచేస్తోందిరా తమ్ముడూ" అని సంబరపడింది. అది మందు రంగు. కళ్లెలో క్రిమి లేదని వచ్చిన చీటీ చదివిందెవరు? నేనే. ముప్పై ఏళ్లు ల్యాబులో కళ్లె పరీక్షలు చేసినవాణ్ణి. క్రిమి కనబడని టీబీ కూడా ఉంటుంది కదా అని మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆరు నెలలు. ఆరు నెలలండీ!

తర్వాత ముక్క తీసి క్యాన్సరన్నారు. జన్యు పరీక్షకి పంపుదామంటే, మిగతా పరీక్షలకే ముక్కంతా అయిపోయిందన్నారు. ఏ ఆసుపత్రో చెప్పను. ఇంకోసారి సూదంటే మా అప్ప ఒప్పుకోలేదు. ఆవిడకి ఏ మందు సరిపడేదో నాకిప్పటికీ తెలీదు. సరిపడినా లక్షలు కావాలి, అది వేరే సంగతి.

అమ్మా, అయ్యా, ముక్క తీసేముందే అడగండి, జన్యు పరీక్షకి కొంత ఉంచుతారా అని. ముక్కని మైనంలో పోసి దాచిన బ్లాకు మీ చేతికిస్తే ఎండ తగిలేచోట పెట్టకండి, మైనం కరుగుతుంది.

ఇదిగో, మా అప్ప బ్లాకు. ముందు వరుస నుంచి అందించండి. వెలుగుకి పట్టి చూడండి, ముక్క ఉండాల్సిన చోట మైనమే ఉంటుంది. వెనక వరుస దాకా వెళ్లాక మళ్లీ నాకిచ్చెయ్యండి.