హీలా డీఎన్ఏలో హెచ్‌పీవీని పీసీఆర్‌తో పట్టుకుందాం

(తెర మీద: ఐస్‌లో నిలబెట్టిన చిన్న ట్యూబులు, పక్కన పిపెట్)

నమస్తే. ఈ మొదటి ట్యూబులో ఉన్నది హీలా కణాల డీఎన్ఏ. 1951లో అమెరికాలోని బాల్టిమోర్‌లో హెన్రియెట్టా లాక్స్ అనే ఆవిడ గర్భాశయ ముఖద్వార కణితి నుంచి ఆ కణాలు తీశారు. ఆవిడను అడగకుండానే తీశారు. ల్యాబులో హీలా అన్నప్పుడల్లా ఆ పేరు కూడా చెప్పుకోవాలి.

ఆ కణాల డీఎన్ఏలో హెచ్‌పీవీ 18 అనే వైరస్ (హ్యూమన్ పాపిలోమా వైరస్‌లో 18వ రకం) జన్యువులు అతుక్కుపోయి ఉన్నాయి. ఈ రకం క్యాన్సర్‌కు హెచ్‌పీవీ కారణమవుతుందని తేల్చినందుకు హరాల్డ్ సుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ వచ్చింది.

(తెర మీద: పీసీఆర్ మెషీన్, మారుతున్న ఉష్ణోగ్రతలు)

పీసీఆర్ అంటే డీఎన్ఏలో మనకు కావాల్సిన ముక్కకు కోట్ల నకళ్లు తీసే పద్ధతి. డీఎన్ఏకి నకళ్లు తీసే టాక్ ఎంజైమ్, కొత్త పోగుకు ఇటుకల్లాంటి న్యూక్లియోటైడ్లు, బఫర్, మెగ్నీషియం, ఆ ముక్క రెండు చివర్లలో అతుక్కునే చిన్న డీఎన్ఏ పోగులైన ప్రైమర్ల జత కలుపుతాం. ఎంవై09, ఎంవై11 ప్రైమర్లు వైరస్ ఎల్1 జన్యువులో సుమారు 450 బేస్ జతల ముక్కను పట్టుకుంటాయి. 95 డిగ్రీల దగ్గర పోగులు విడిపోతాయి, 55 దగ్గర ప్రైమర్లు అతుక్కుంటాయి, 72 దగ్గర టాక్ నకలు తీస్తుంది. ప్రతిసారీ రెట్టింపైతే 30 సైకిళ్లలో ఒక్క ముక్క 107 కోట్లు దాటుతుంది.

(తెర మీద: జెల్, ఒక్కో వరుస దగ్గరగా)

అసలు పని ఇక్కడుంది. జెల్ డీఎన్ఏ ముక్కలను పొడవును బట్టి వేరుచేస్తుంది, ఒకే పొడవున్నవన్నీ ఒక గీతలా కనిపిస్తాయి. హీలా వరుసలో 450 దగ్గర గీత వచ్చింది. పక్కది సీ33ఏ అనే మరో రకం కణాల డీఎన్ఏ. అదీ గర్భాశయ ముఖద్వార క్యాన్సరే, కానీ అందులో హెచ్‌పీవీ లేదు. గీత రాలేదు. మరి డీఎన్ఏ సరిగ్గా ఉందని నమ్మడం ఎలా? అందుకే ప్రతి నమూనాకూ మనిషి డీఎన్ఏలో ఉండే బీటా గ్లోబిన్ జన్యువుకు పీసీఆర్ విడిగా పెట్టాం. 268 దగ్గర ఆ గీత ఉంది కాబట్టే, వైరస్ లేదన్న మాట నిలబడింది.

అంటే గీత లేనంత మాత్రాన క్యాన్సర్ లేదనుకోకూడదు. గీత ఉంటే క్యాన్సరేనని భయపడకూడదు కూడా. హెచ్‌పీవీ సోకిన చాలామందిలో రెండేళ్లలోపే దానంతటదే పోతుంది.

చివరి వరుస డీఎన్ఏ బదులు నీళ్లు పోసిన ట్యూబు. నేనైతే జెల్ చూడగానే ముందు దీన్నే చూస్తాను. ఇందులో 450 గీత కనిపిస్తే, హీలా వరుస ఎంత బాగా మెరిసినా లెక్కలోకి రాదు. పాత పీసీఆర్ తుంపరలు ఎక్కడో కలిశాయన్నమాట. కొత్త నీళ్లు, కొత్త ప్రైమర్లు, ఫిల్టర్ టిప్పులు తీసుకుని, జెల్ నడిపే బల్లకు దూరంగా వేరే గదిలో మళ్లీ మొదలుపెట్టండి.